చూడడం, చూసుకోవడం, చూపించుకోవడం: పలువురు వాడే వైద్యపరికరాల వాడుకసౌలభ్య పరీక్షలపై ఒక భాషావిమర్శ

సారాంశం:

వైద్యపరికరాన్ని ఒకరు నడుపుతారు. మరొకరి శరీరం మీద అది పనిచేస్తుంది. దాని ఫలితాన్ని ఇంకొకరు చదువుతారు. ఆ ఫలితం మీద నిర్ణయం తీసుకొనేది నాలుగో వ్యక్తి కావచ్చు. ఇటువంటి పరికరాల వాడుకసౌలభ్యాన్ని పరీక్షించే అంతర్జాతీయ పద్ధతులు వినియోగదారులు పలువురని అంగీకరిస్తూనే, పరీక్షను మాత్రం ప్రధానంగా ఒక్కొక్క వర్గానికి విడివిడిగా రూపొందించాయి. మనుషుల మధ్య ఫలితం చేతులు మారే చోట జరిగే పొరపాట్లు ఈ పద్ధతిలో సులభంగా జారిపోతాయి. ఆ పొరపాట్లలో అధికభాగం భాషకు సంబంధించినవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు క్రియానిర్మాణాన్ని, శాబ్దబోధకు భారతీయ తార్కికులు చెప్పిన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే హేతువులను ఆధారంగా చేసుకొని, ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ పరీక్షాపద్ధతిని విమర్శిస్తుంది.

కీలకపదాలు: వాడుకసౌలభ్యం, వైద్యపరికరాలు, ఆత్మార్థకం, ప్రేరణార్థకం, శాబ్దబోధ, ఆశా కార్యకర్త, మలేరియా, వేంసూరు.

1. ఉపోద్ఘాతం:

వేంసూరు ఖమ్మం జిల్లా ఆగ్నేయ భాగంలో, సత్తుపల్లికి చేరువలో, ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్న మండలకేంద్రం. వరి, మామిడి, పామాయిల్ సాగు మీద ఆధారపడిన గ్రామాలు దీని చుట్టూ ఉన్నాయి. ఇక్కడి నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేటల మీదుగా భద్రాచలం వైపు సాగేకొద్దీ అడవి దగ్గరవుతుంది, కోయగూడేలు ఎదురవుతాయి. ఒక వైపు పట్టణ వైద్యం, మరొక వైపు ఏజెన్సీ వైద్యం ఉన్న ఈ అంచులో వైద్యపరికరం ఒక్కరి చేతిలో ఉండే వస్తువు కాదు.

ఇటువంటి ఊళ్ళో ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. అరవై దాటిన నాయనమ్మకు మధుమేహం. గ్లూకోమీటరును పట్నంలో ఉంటున్న కొడుకు కొనిపెట్టాడు. ఆమె వేలు గుచ్చేది కోడలు. తెర మీద అంకె చదివేది ఎనిమిదో తరగతి చదివే మనవడు. ఆ అంకెను పుస్తకంలో రాసుకొనేది ఆశా కార్యకర్త. దాన్ని చూసి మాత్ర మార్చేది ప్రాథమిక ఆరోగ్యకేంద్రం వైద్యుడు. పరికరం ఒక్కటే, దాని చుట్టూ ఆరుగురు ఉన్నారు. వీరిలో ‘వినియోగదారు’ ఎవరు? ఈ ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని బట్టే పరికరాన్ని ఎవరి ముందు పెట్టి పరీక్షించాలో, దాని సూచనలను ఎవరి భాషలో రాయాలో నిర్ణయమవుతుంది.

యంత్రాల పరీక్షతో తెలుగు పరిశోధనకు సంబంధమేమిటన్న సందేహం సహజం. పరికరం తన గురించి తాను చెప్పుకొనేది గుర్తులు, అంకెలు, వాక్యాల ద్వారానే. వాటిని మనిషి అర్థం చేసుకోవడం పఠనమే. పాఠం తప్పుగా అర్థమైతే సాహిత్యంలో ఒక అన్వయం దెబ్బతింటుంది, ఇక్కడ ఒక ప్రాణం ప్రమాదంలో పడుతుంది. కాబట్టి ఇది భాషావిమర్శ పట్టించుకోవలసిన విషయమే.

2. ప్రమాణాలు చెప్పేదేమిటి?

వైద్యపరికరాల వాడుకసౌలభ్యానికి నేడు ఆధారంగా ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62366-1. మొదట 2007లో ఐఈసీ 62366గా వచ్చి, 2015లో ఈ రూపం పొంది, 2020లో సవరణకు లోనైంది. పరికరాన్ని నడిపే లేదా దానితో వ్యవహరించే ప్రతి వ్యక్తినీ ఇది వినియోగదారుగా నిర్వచిస్తుంది. ఒక పరికరానికి ఒకరి కంటే ఎక్కువమంది వినియోగదారులు ఉండవచ్చని, వైద్యులు, రోగులతోపాటు శుభ్రపరిచేవారు, మరమ్మతు చేసేవారు కూడా ఆ లెక్కలోకి వస్తారని స్పష్టంగా చెబుతుంది. పొరపాటు జరిగినప్పుడు వాడినవారిని నిందించకుండా ‘వాడుకలో దోషం’గా చూడాలన్న దృష్టి కూడా ఈ సంప్రదాయానిదే. నిర్వచనం వరకు ఇది ఉదారమైనది.

ఆచరణకు వచ్చేసరికి చూపు సన్నబడుతుంది. అమెరికా ఆహార ఔషధ పరిపాలన సంస్థ 2016 ఫిబ్రవరిలో వెలువరించిన మార్గదర్శకం, తుది నిర్ధారణ పరీక్షలో ఒక్కొక్క విభిన్న వినియోగదారుల వర్గం నుంచి కనీసం 15 మంది ఉండాలని సూచించింది. ఈ సంఖ్య వెనుక ఉన్న ఆధారం తెలిసినదే. ఫాక్‌నర్ 2003లో ప్రకటించిన అధ్యయనంలో ఐదుగురేసి ఉన్న బృందాల్లో కొన్ని, సమస్యల్లో 55 శాతాన్ని మాత్రమే పట్టుకోగలిగాయి. 15 మంది ఉన్నప్పుడు ఏ బృందమూ 90 శాతానికి తగ్గలేదు. ఒక వర్గం వరకు ఈ తర్కం గట్టిదే.

అయితే 15 మంది నర్సులను, 15 మంది రోగులను, 15 మంది సంరక్షకులను విడివిడిగా పరీక్షిస్తే, నర్సు రోగికి చెప్పినప్పుడు ఏం జరుగుతుందో తెలియదు. బృందంగా పరీక్షించడాన్ని మార్గదర్శకం నిషేధించలేదు, శస్త్రచికిత్స పరికరాల వంటివాటికి అటువంటి పరీక్షలు జరుగుతూనే ఉంటాయి. కాని ఇంటివద్ద, గ్రామంలో వాడే చిన్న పరికరాల విషయంలో లెక్క వర్గాలవారీగానే నడుస్తుంది. ఒక చిన్న గణితం ఇక్కడ ఉపయోగపడుతుంది. గుచ్చేవారు, చదివేవారు, చేరవేసేవారు తమ తమ పనిని నూటికి తొంభైసార్లు సరిగా చేస్తారని, ఒకరి పొరపాటుకు మరొకరి పొరపాటుతో సంబంధం లేదని అనుకుందాం. ముగ్గురి పనీ ఏకకాలంలో సరిగా జరిగేది దాదాపు 73 సార్లే. విడివిడిగా ముగ్గురూ ఉత్తీర్ణులైనా గొలుసు నాలుగోవంతుకు పైగా సందర్భాల్లో తెగుతుంది.

3. మూడు క్రియలు, మూడు పాత్రలు:

ప్రమాణం ‘వినియోగదారు’ అన్న ఒక్క నామవాచకంలో కలిపివేసిన పాత్రలను తెలుగు వ్యవహారం క్రియల్లోనే విడదీసి చూపుతుంది. ఖమ్మం ప్రాంతంలోనే కాదు, తెలుగునాట అంతటా బీపీ గురించి మూడు విధాలుగా మాట్లాడతారు: ‘బీపీ చూశారు’, ‘బీపీ చూసుకున్నాను’, ‘బీపీ చూపించుకున్నాను’.

మొదటిది పరికరాన్ని నడిపినవారి పని. ఫలితం ఎదుటివారిది. రెండోదానిలో ‘కొను’ అనుప్రయుక్తమైంది. సంప్రదాయవ్యాకరణం దీన్ని ఆత్మార్థకం అంటుంది. చేసినవారు, ఫలితం పొందినవారు ఒక్కరే. మూడోదానిలో ప్రేరణార్థకం మీద ఆత్మార్థకం చేరింది. చేసినవారు వేరు, చేయించుకొని ఫలితం పొందినవారు వేరు. అయినా వాక్యంలో కర్తృత్వం రోగిదే. ఆసుపత్రికి వెళ్ళి చెయ్యి చాచిన మనిషి నిష్క్రియుడు కాడని భాష గుర్తిస్తోంది. ఆంగ్లంలో ‘పేషెంట్’ అన్న మాటకు సహించేవాడన్న మూలార్థముంది. ‘చూపించుకున్నవాడు’ అన్న తెలుగు మాటలో సహనం కంటే ప్రయత్నం కనిపిస్తుంది.

ఇదే భేదం ‘గుచ్చు – గుచ్చుకొను – గుచ్చించుకొను’, ‘సూది వేయు – వేసుకొను – వేయించుకొను’ అన్నవాటిలోనూ ఉంది. ఇన్సులిన్ పెన్ను విషయంలో ఈ భేదం నేరుగా భద్రతకు సంబంధించినది. రోగి స్వయంగా వేసుకొనేటప్పుడు తన పొట్ట చర్మాన్ని ఒక చేత్తో పట్టుకొని మరొక చేత్తో పెన్ను వాడతాడు. కోడలు అత్తకు వేసేటప్పుడు కోణం మారుతుంది, ఎదుటి మనిషి కదలవచ్చు, వాడిన సూది తన చేతికే గుచ్చుకొనే ప్రమాదం కొత్తగా వస్తుంది. ‘సూదిని చర్మంలోకి గుచ్చాలి’ అన్న ఏకవాక్యం ఈ రెండు సందర్భాలనూ ఒకటిగా చూస్తుంది. గుచ్చించుకొనే మనిషి ఏం చేయాలో అసలు చెప్పదు. కదలకుండా కూర్చోవడం, నొప్పి ఎక్కువైతే చెప్పడం, ముందురోజు ఏ వైపు వేశారో గుర్తుచేయడం ఆ మనిషి పనులు. అవి ఏ సూచనాపత్రంలోనూ లేకపోతే, ఏ పరీక్షలోనూ కొలతకు రావు.

రోగి చెప్పే మాట నడిపేవారికి చేరకపోతే ఏమవుతుందో చెప్పడానికి ప్రపంచ వైద్యచరిత్రలో ఒక విషాదం ఉంది. థెరాక్–25 అనే రేడియేషన్ చికిత్సాయంత్రం వల్ల 1985–87 మధ్య ఆరు ప్రమాదాలు జరిగినట్లు నమోదైంది. 1986లో టెక్సస్‌లో జరిగిన ప్రమాదంలో తెర మీద వచ్చిన సందేశం ‘మాల్‌ఫంక్షన్ 54’. ఆ మాటకు అర్థమేమిటో నడిపేవారికి తెలిసే వీలు లేదు. ఆ రోజు రోగి ఉన్న గదిలోని వీడియో, శబ్ద సంబంధాలు పనిచేయలేదు. మంట తగిలిన రోగి పైకి లేవబోతుండగానే, ఏమీ తెలియని ఆపరేటరు మరోసారి మీట నొక్కడం జరిగింది. మూలదోషం సాఫ్ట్‌వేరుదే. కాని ఇద్దరి మధ్య మాట నడిచి ఉంటే రెండో దెబ్బ తప్పేది. చూసేవారికి, చూపించుకొనేవారికి మధ్య ఉన్న సంభాషణ కూడా పరికరంలో భాగమేనని ఈ సంఘటన చెబుతుంది.

4. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి:

వాక్యార్థజ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి హేతువులని తార్కికులు చెప్పారు. ఆంధ్రుడిగా ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో వీటిని సూత్రప్రాయంగా నిలిపాడు. కావ్యవాక్యానికి అన్వయించే ఈ కొలతలు సూచనావాక్యానికి ఇంకా గట్టిగా వర్తిస్తాయి. కావ్యంలో సందిగ్ధత గుణం కావచ్చు, సూచనలో అది దోషం మాత్రమే. ఈ భాగంలోని సూచనావాక్యాలు ఏ సంస్థ పత్రం నుంచీ తీసుకున్నవి కావు, విశ్లేషణ కోసం కూర్చినవి.

4.1 ఆకాంక్ష:

‘ఉపయోగించుటకు ముందు వేలు శుభ్రపరచబడవలెను’ అన్న వాక్యాన్ని తీసుకుందాం. ఇది ఆంగ్ల కర్మణిప్రయోగానికి నీడ. శుభ్రపరిచేది ఎవరు? ఎవరి వేలు? పదానికి పదం మీద ఉండవలసిన ఆకాంక్ష తీరకుండానే వాక్యం ముగిసిపోయింది. ‘వేలు శుభ్రం చేయాలి’ అని వ్యావహారికంలోకి మార్చినా సమస్య మిగులుతుంది. తెలుగులో కర్తను చెప్పకుండా వాక్యం నడపవచ్చు. ఒక్కరే వాడే పరికరంలో ఆ కర్త తేలిగ్గా స్ఫురిస్తాడు. ఇద్దరు వాడే పరికరంలో ఆ ఖాళీని ఒక్కొక్కరు ఒక్కో విధంగా పూరిస్తారు. ఆశా కార్యకర్త తన చేతులు కడుక్కొని రోగి వేలిని వదిలేయవచ్చు, రోగి వేలు తుడిచి తన చేతులు మరవవచ్చు. ‘ముందు మీ చేతులు కడుక్కోండి. తరువాత పరీక్ష చేయించుకొనేవారి వేలిని తుడవండి’ అన్నప్పుడు ‘కడుక్కోండి’, ‘తుడవండి’ అన్న రెండు క్రియారూపాలే ఇద్దరు మనుషులను విడదీస్తాయి. అదనపు పదాలు రెండు మూడే, తీరిన ఆకాంక్ష పెద్దది.

4.2 యోగ్యత:

పదార్థాల మధ్య పొందిక యోగ్యత. ‘నాకు బీపీ ఉంది’, ‘నాకు బీపీ లేదు’ అన్నవి నిత్యవ్యవహారంలోని వాక్యాలు. రక్తపోటు లేని మనిషి బతికి ఉండడు. అయినా ‘అధిక రక్తపోటు’ అన్న లక్ష్యార్థం రూఢమైనందువల్ల వాక్యం చెల్లుతోంది. చిక్కు దాని తరువాత మొదలవుతుంది. మాత్రలు వాడుతున్న మనిషికి యంత్రం 120/80 చూపినప్పుడు ‘బీపీ ఇప్పుడు లేదు’ అని చెబితే, ‘లేనిదానికి మాత్ర ఎందుకు’ అన్న తర్కం న్యాయంగానే వస్తుంది. యంత్రం సరిగా కొలిచింది, ఆశా కార్యకర్త సరిగా చదివింది, అయినా చికిత్స ఆగిపోతుంది. విడివిడి పరీక్షల్లో ఈ పొరపాటు కనిపించే చోటే లేదు. ‘మాత్రల వల్ల బీపీ అదుపులో ఉంది’ అన్న వాక్యం పరికరం చుట్టూ అలవాటు కావలసి ఉంది.

‘పాజిటివ్’, ‘నెగటివ్’ అన్న మాటలదీ ఇదే దారి. మంచికి ‘పాజిటివ్’ అన్న అర్థం బడిలో, టీవీలో స్థిరపడింది. రోగనిర్ధారణలో అది చెడువార్త. గ్లూకోమీటరు తెర మీద వచ్చే ‘హెచ్, ఐ’ అన్న రెండక్షరాలు మరింత ఆలోచించదగినవి. చాలా పరికరాల్లో చక్కెర 600 మిల్లీగ్రాములు దాటితే ఆ అక్షరాలు, 20 కంటే తగ్గితే ‘ఎల్, ఓ’ అన్న అక్షరాలు వస్తాయి. రెండూ అత్యవసర పరిస్థితులే. మనవడు మొదటిదాన్ని ‘హాయ్’ అని, రెండోదాన్ని ‘పది’ అని చదివితే ఆ పిల్లవాడిది తప్పు కాదు. ప్రాణాపాయాన్ని పలకరింపులా రాసిన పాఠానిది తప్పు.

4.3 సన్నిధి:

పదాలు ఎడం లేకుండా ఉచ్చరించబడడం సన్నిధి. ఒక పదం ఇప్పుడు, మరొకటి జాము తరువాత పలికితే వాక్యార్థం కలగదన్నది శాస్త్రకారుల ఉదాహరణ. ఈ భావాన్ని కొద్దిగా విస్తరిస్తే, సూచనకూ చర్యకూ మధ్య ఉండవలసిన దగ్గరతనం కూడా సన్నిధే. మలేరియా సత్వర పరీక్ష కిట్టు దీనికి మంచి నిదర్శనం. వేలి నుంచి తీసిన రక్తపుచుక్కను ఒక గుంటలో, ద్రావకపు చుక్కలను నిర్దేశించిన చోట వేసి, తయారీదారు చెప్పినంతసేపు ఆగి, గీతలను చదవాలి. ‘సీ’ వద్ద ఒక్క గీత వస్తే మలేరియా లేదు. దానితోపాటు మరొక గీత వస్తే ఉంది. ‘సీ’ వద్ద గీత రాకపోతే, మిగతాచోట్ల ఏది వచ్చినా పరీక్ష చెల్లదు, కొత్త కిట్టుతో మళ్ళీ చేయాలి.

ఆగవలసిన ఆ పదిహేను ఇరవై నిమిషాలే సన్నిధికి భంగం. ఆ వ్యవధిలో మరొక జ్వరపీడితుడు వస్తాడు, రెండో కిట్టు పక్కన చేరుతుంది, ఏది ఎవరిదో కలిసిపోయే అవకాశం ఏర్పడుతుంది. ఫలితాన్ని చెప్పే మాట కూడా చిక్కులో పడుతుంది. ‘ఏమీ రాలేదు’ అన్న సహజమైన తెలుగు వాక్యానికి ఇక్కడ మూడు అర్థాలు: జబ్బు లేదు, గీత రాలేదు కాబట్టి పరీక్ష చెల్లదు, ఫలితం ఇంకా తేలలేదు. మొదటి అర్థంలో విన్న రోగి ఇంటికి వెళ్ళిపోతాడు. రెండో అర్థంలో చెప్పబడినప్పుడు అతడు వెళ్ళకూడదు. ఫాల్సిపేరం మలేరియా చికిత్స ఆలస్యమైతే ప్రాణాంతకం కాగలదు. వినేవారి ఇంటిభాష కోయ అయితే ఈ మూడు అర్థాల మధ్య ఎడం ఇంకా పెరుగుతుంది. ‘మలేరియా లేదు’, ‘పరీక్ష చెల్లలేదు, మళ్ళీ చేయాలి’, ‘ఇంకా ఆగాలి’ అన్న మూడు స్థిరవాక్యాలను కిట్టుతోపాటు ఇవ్వడం ఖర్చులేని పని.

5. రెండు సాక్ష్యాలు:

భాష మారితే ఫలితం మారుతుందనడానికి ఆఫ్రికాలోని జాంబియా నుంచి గట్టి సాక్ష్యముంది. మలేరియా సత్వర పరీక్షను సమాజ ఆరోగ్యకార్యకర్తలు ఎలా వాడుతున్నారన్నదాని మీద హార్వే, ఆయన సహచరులు జరిపిన అధ్యయనం 2008లో మలేరియా జర్నల్‌లో వచ్చింది. తయారీదారు పెట్టెలో పెట్టిన సూచనాపత్రం మాత్రమే ఇచ్చినప్పుడు కార్యకర్తలు 57 శాతం అంచెలను సరిగా చేశారు. స్థానిక అవసరాలకు తగ్గట్టు తిరగరాసి, బొమ్మలు చేర్చిన సహాయపత్రం ఇచ్చినప్పుడు అది 80 శాతానికి పెరిగింది. దానికి కొద్దిపాటి శిక్షణ తోడైనప్పుడు 92 శాతమైంది. ఫలితాన్ని సరిగా చదవడం వరుసగా 54, 80, 93 శాతం. కిట్టులోని రసాయనం మారలేదు, మారింది పాఠమే. పరికరపు ఖచ్చితత్వం ప్రయోగశాలలో ఎంత ఉన్నా, గ్రామంలో దాని విలువను నిర్ణయించేది దాని వెంట ఉన్న వాక్యాలేనని ఈ అంకెలు రుజువు చేస్తున్నాయి.

రెండో సాక్ష్యం తెలుగునేల మీదిది. ఉమ్మడి ఖమ్మం జిల్లాకు ఆనుకొని ఉన్న పశ్చిమగోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు గుండెజబ్బుల ముప్పును గుర్తించేందుకు ‘స్మార్ట్‌హెల్త్ ఇండియా’ పేరుతో టాబ్లెట్ ఆధారిత సాధనాన్ని రూపొందించారు. ఇది స్వభావరీత్యానే పలువురు వాడే సాధనం. ఆశా కార్యకర్త ఇంటివద్ద రక్తపోటు, చక్కెర కొలిచి వివరాలు ఎక్కిస్తుంది. ముప్పు ఎక్కువున్నవారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికి పంపుతుంది. వైద్యుడు తన తెర మీద సిఫారసు చూసి మందు రాస్తాడు. 2014లో ప్రచురితమైన క్షేత్రస్థాయి మూల్యాంకనంలో 11 గ్రామాల్లో 11 మంది ఆశా కార్యకర్తలు, ముగ్గురు వైద్యులు పాల్గొన్నారు. రెండు పాత్రలనూ ఒకే పరీక్షలో చేర్చడం దీని విశిష్టత.

దీని తరువాత 18 ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలు, 54 గ్రామాల్లో పెద్ద ప్రయోగం జరిగి 2019లో ఫలితాలు వెలువడ్డాయి. రక్తపోటును నిర్ణీతస్థాయికి తెచ్చుకొన్నవారి నిష్పత్తిలో గణాంకపరంగా చెప్పుకోదగిన తేడా రాలేదు. దీనికి వాడుకసౌలభ్యలోపమే కారణమని చెప్పడం తొందరపాటవుతుంది. మందుల లభ్యత, ఆరోగ్యకేంద్రం దూరం, కూలి పోవడం వంటివి ఇటువంటి చోట్ల బలమైన కారణాలు కాగలవు. కాని ఒక్క విషయం స్పష్టం. ఆశా కార్యకర్త చేతిలోనూ వైద్యుడి చేతిలోనూ సాధనం సజావుగా నడిచినంత మాత్రాన, ‘చూపించుకొన్న’ మనిషి ఇంట్లో రోజూ మాత్ర వేసుకొనే దశ వరకు అర్థం నడిచిందని హామీ లేదు. గొలుసులోని చివరి కొక్కెం తెర మీద కనిపించదు.

6. ఒకే పరికరం, పలు శరీరాలు:

‘ఒకరి కంటే ఎక్కువమంది వాడే పరికరం’ అన్న మాటకు మరొక అర్థం ఉంది: ఒకే వస్తువు ఒకరి తరువాత ఒకరి శరీరం మీదికి వెళ్ళడం. రక్తపోటు యంత్రం, ఉష్ణమాపకం, ఊళ్ళో ఒకే ఇంట ఉన్న గ్లూకోమీటరు ఇటువంటివి. వేలు గుచ్చే సాధనాన్ని ఒకరికంటే ఎక్కువమందికి ఎన్నడూ వాడరాదని అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రం 2010లో హెచ్చరించింది. హెపటైటిస్–బి వంటి వ్యాధులు ఆ దారిన పాకడమే కారణం. పొరుగింటివారికి గ్లూకోమీటరు ఇవ్వడం తెలుగు గ్రామంలో సాయం, ఇవ్వకపోవడం పిసినారితనం. ‘ఇతరులతో పంచుకోరాదు’ అన్న సూచన ఇక్కడ ఒక సామాజిక మర్యాదతో తలపడుతుంది. ‘యంత్రం ఇవ్వవచ్చు, తుడిచి ఇవ్వండి. గుచ్చే సాధనం మాత్రం ఎవరిది వారిదే’ అని విడదీసి చెప్పే వాక్యం ఆ మర్యాదను నిలుపుతూనే ప్రమాదాన్ని తొలగిస్తుంది.

ఒకేసారి వాడి పారవేయాలన్నదానికి అంతర్జాతీయ గుర్తు వృత్తంలో కొట్టివేసిన 2 అంకె. తెలిసినవారికి అది ‘రెండోసారి వద్దు’. తెలియనివారికి ‘రెండు వద్దు’, ‘ఒక్కటి చాలు’ వంటి అర్థాలన్నీ సాధ్యమే. గుర్తు కూడా భాషే, దానికీ సంకేతగ్రహణం కావాలి.

7. కొన్ని అభ్యంతరాలు:

బొమ్మలు, రంగులు ఉంటే భాషతో పనిలేదన్నది మొదటి అభ్యంతరం. పై గుర్తు దీనికి కొంత సమాధానం. 2011 జనగణన ప్రకారం తెలంగాణ అక్షరాస్యత 66.54 శాతం. చదవలేనివారికి బొమ్మ అవసరమే. అయితే బొమ్మలో చెయ్యి ఎవరిదో చెప్పడం కష్టం. కంటిపరీక్షలో చదువురానివారి కోసం అక్షరాలకు బదులు నాలుగు దిక్కులకు తిప్పిన ‘ఈ’ అక్షరపు ఆకృతిని వాడతారు. తెలంగాణ ప్రభుత్వం కంటివెలుగు రెండోవిడతను 2023 జనవరి 18న ఖమ్మంలోనే ప్రారంభించింది. అటువంటి శిబిరంలో ఆ పటం పనిచేయాలంటే, ‘మూడుకాళ్ళు ఎటువైపు ఉన్నాయో చేత్తో చూపించండి’ అన్న ఒక్క తెలుగు వాక్యాన్ని ఎవరో సరిగా చెప్పాలి. బొమ్మ మాటను తప్పించదు, మాట కోసం ఎదురుచూస్తుంది.

శిక్షణ ఇస్తే చాలు, పరీక్ష ఎందుకన్నది రెండో అభ్యంతరం. శిక్షణ ఆశా కార్యకర్తకు అందుతుంది, కోడలికి, మనవడికి అందదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్యమిషన్‌తో వచ్చిన ఆశా వ్యవస్థ ప్రతి వెయ్యిమందికి ఒకరిని లక్ష్యంగా పెట్టుకొంది. వెయ్యిమంది ఇళ్ళలో ప్రతి సూదిపోటు వద్దా ఆమె ఉండలేదు.

బృందపరీక్షలు ఖర్చుతో కూడినవన్నది మూడోది. ఇది నిజమే. అయితే పలువురు వాడే ప్రతి పరికరానికీ పెద్ద పరీక్ష అక్కరలేదు. చేతులు మారే ఒక్క అంచెను పరీక్షించడం చాలాసార్లు సరిపోతుంది.

8. పరీక్ష ఎలా ఉండాలి?

పై చర్చ నుంచి నాలుగు సూచనలు తేలుతున్నాయి. ఒకటి: పరికరపు వాడుక వివరణలో వినియోగదారుల జాబితాతోపాటు క్రియల జాబితా ఉండాలి. ఎవరు చూస్తారు, ఎవరు చూసుకొంటారు, ఎవరు చూపించుకొంటారు అన్న మూడు గళ్ళను పూరిస్తే మరచిపోయిన మనిషి బయటపడతాడు. రెండు: నిజజీవితంలో జంటగా వాడేవారిని జంటగానే పరీక్షకు పిలవాలి. అత్తాకోడళ్ళను, నాయనమ్మను, మనవడిని, ఆశా కార్యకర్తను, గూడెం మనిషిని కలిపి కూర్చోబెట్టి గమనించాలి. మూడు: ఫలితం చేతికి వచ్చాక పరీక్ష ముగియరాదు. ‘మీకు ఏమని చెప్పారో మీ మాటల్లో చెప్పండి’ అని చివరి వ్యక్తిని అడగాలి. ఆ మాటే అసలైన కొలత.

నాలుగోది మర్యాదకు సంబంధించినది. పని చేస్తూ మనసులో మాట పైకి చెప్పమనడం వాడుకసౌలభ్య పరీక్షల్లో ఒక ప్రసిద్ధ పద్ధతి. వైద్యుడి ఎదుట ఆశా కార్యకర్త, అత్త ఎదుట కోడలు ‘నాకు అర్థం కాలేదు’ అని పైకి చెప్పడం మన కుటుంబ, ఉద్యోగ సంబంధాల్లో తేలిక కాదు. ‘ఆఁ, తెలిసిందండీ’ అన్న సమాధానం అంగీకారానికి గుర్తు, అవగాహనకు కాదు. కాబట్టి జంటగా గమనించిన తరువాత విడిగా మాట్లాడించడం అవసరం. ‘అర్థమైందా?’ అని అడగడం కంటే ‘మీ పక్కింటి పెద్దమ్మకు ఇది ఎలా చెబుతారు?’ అని అడగడం మేలు.

భారతదేశంలో వైద్యపరికరాల నియమావళి 2017లో వచ్చి 2018 జనవరి 1 నుంచి అమలైంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్యపరికరాలన్నీ చట్టపరిధిలోకి వచ్చాయి. విశాఖపట్నంలో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్, హైదరాబాదు సమీపాన సుల్తాన్‌పూర్ వైద్యపరికరాల పార్కు ఉండగా, పరికరాలు తెలుగునేల మీదే తయారవుతున్నాయి. వాటి తెలుగును పరీక్షించే పని ఇంకా ఎవరిదీ కాలేదు. విశ్వవిద్యాలయాల తెలుగుశాఖల్లో అనువాదం, భాషాశాస్త్రం, మాండలికాధ్యయనం చేసే పరిశోధకులు ఈ పనికి అర్హులు. ఒక కిట్టులోని ఇరవై వాక్యాలను నాలుగు గ్రామాల్లో చదివించి, వినిపించి, తిరిగి చెప్పించి నమోదు చేయడం ఒక చిన్న పరిశోధన పాటి పనే, దాని ప్రయోజనం మాత్రం గ్రంథాలయాన్ని దాటుతుంది.

9. ముగింపు:

వాడుకసౌలభ్య పరీక్షాశాస్త్రం పొరపాటును మనిషి నుంచి పరికరానికి మార్చి చూడడం ద్వారా మేలు చేసింది. పలువురు వాడే పరికరాల విషయంలో అది ఇంకొక అడుగు వేయవలసి ఉంది. పొరపాటు మనిషిలోనూ పరికరంలోనూ కాక, మనిషికి మనిషికి మధ్య నడిచే వాక్యంలో ఉండవచ్చునని గుర్తించాలి. చూడడం, చూసుకోవడం, చూపించుకోవడం వేర్వేరు పనులని తెలుగు క్రియాపదానికి తెలుసు. ఆ తెలివిని సూచనాపత్రం రాసేవారు, పరీక్ష జరిపేవారు అందిపుచ్చుకోవాలి. వేంసూరులో మనవడు తెర మీది అక్షరాలు చదివి నాయనమ్మకు చెప్పే మాట, భద్రాచలం దారిలోని గూడెంలో ఆశా కార్యకర్త గీత చూసి చెప్పే మాట నిస్సందేహంగా ఉన్నప్పుడే ఆ పరికరం పరీక్షలో నెగ్గినట్లు లెక్క.